చిన్న ఊరి మురుగుకు మూడు కుంటల పద్ధతి

సీసీ రోడ్డు పడింది, రెండు పక్కలా సైడు కాల్వలు కట్టారు, ఇక మురుగు బాధ తీరినట్టేనని చాలా ఊళ్లలో అనుకుంటారు. కాల్వ మురుగును పక్కకు జరుపుతుంది, అంతే. మన వాకిట్లో నుంచి జరిగిన నీళ్లు పల్లంలో ఇంకొకరి వాకిట్లో ఆగుతాయి. నేను ఉమ్మడి వరంగల్ జిల్లా ఊళ్లలో ఏఈగా (అసిస్టెంట్ ఇంజనీరుగా) తిరుగుతున్నాను. ఏ ఊళ్లోనైనా మోరీ వెంట చివరిదాకా నడిస్తే, ఆ చివర చాలాసార్లు ఎస్సీ కాలనీయో ఊరి చెరువో కనిపిస్తుంది. అందుకే సర్పంచులు, కార్యదర్శులు "మేడం, ఎస్టిమేట్ వేయండి" అని వచ్చినప్పుడు, ముందు మీ మురుగు ఎక్కడ ఆగుతోందో నాతో నడిచి చూడండి అంటాను.

ఐదు వేల లోపు జనాభా ఉన్న ఊళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఇలాంటి ఊరికి కరెంటుతో నడిచే ఎస్టీపీ (మురుగు శుద్ధి ప్లాంటు) వద్దని నా గట్టి అభిప్రాయం. అందులో గాలి కొట్టే బ్లోయర్ ఇరవై నాలుగు గంటలూ తిరగాలి, పంపులు ఉంటాయి, తెలిసిన ఆపరేటర్ ఉండాలి. వీధిలైట్ల బిల్లే బాకీ పడే పంచాయతీ దాన్ని ఎన్నాళ్లు నడుపుతుంది? మోటారు కాలిన రోజు నుంచి అదొక సిమెంటు తొట్టి. మనకు ఎండ ఉంది, నేల ఉంది, పల్లం ఉంది. ఈ మూడింటితోనే పని అయ్యే పద్ధతి చెబుతాను.

నీళ్లు ఎన్నో కొలవండి

జల్ జీవన్ మిషన్ లెక్క మనిషికి రోజుకు 55 లీటర్లు. మిషన్ భగీరథలో పల్లెలకు 100 లీటర్లు. దీనికి తోడు ఇంటి బోర్లు. కాగితం మీది అంకె పట్టుకుని కుంటలు తవ్వితే అయితే చాలవు, లేకపోతే ఎండిపోతాయి. కాబట్టి మీ కాల్వ చివర మీరే కొలవండి. వానలు లేని రోజు చూసుకుని, కాల్వకు అడ్డంగా ఇసుక బస్తాలు వేసి, మధ్యలో నాలుగు అంగుళాల పైపు ముక్క పెట్టండి. దాని కింద 20 లీటర్ల బకెట్ పెట్టి, ఎన్ని సెకన్లలో నిండిందో ఫోన్‌లో చూసి రాయండి. తెల్లవారుజామున 5 నుంచి రాత్రి 9 దాకా గంటకోసారి రాయాలి. ఉదయం ఆరు నుంచి తొమ్మిది మధ్య నీళ్లు ఉరుకుతాయి, మధ్యాహ్నం సన్నగా జారుతాయి. మామూలు రోజు ఒకసారి, ఆదివారమో పండగో చూసి ఇంకోసారి కొలిస్తే మీ ఊరి అంకె చేతికొస్తుంది.

అదే పనిలో వాలు కూడా చూసుకోండి. పెద్ద పరికరం అక్కర్లేదు, మేస్త్రీల దగ్గరుండే నీటి గొట్టం లెవల్ పైపు చాలు. కాల్వకు వంద అడుగులకు కనీసం ఆరు అంగుళాల వాలు ఉండాలి. మధ్యలో ఎక్కడైనా వాలు తప్పితే అక్కడ మట్టి పేరుకుంటుంది, దోమలు పుట్టేది అక్కడే. ఆ నాలుగు గజాలు పగలగొట్టి మళ్లీ కట్టడం అన్నిటికంటే చవకైన పని.

ఇంటి దగ్గర ఇంకేది ఇంటి దగ్గరే

కాల్వలోకి రాని మురుగుకు శుద్ధి ఖర్చు లేదు. స్నానం, అంట్లు, బట్టల నీళ్లు ఇంకుడు గుంతలో ఇంకితే ఊరి భారం సగం తగ్గుతుంది. మన పక్కనే మహారాష్ట్రలో నాందేడ్ జిల్లా ఊళ్లు ఇంటింటికీ గుంతలు తవ్వి మోరీల అవసరమే తగ్గించుకున్నాయి.

అయితే అన్ని నేలలూ నీళ్లు తాగవు. గడ్డపార తీసే ముందు నేలను పరీక్షించండి. గుంత అడుగు వచ్చే లోతు దాకా దిగి, అక్కడ ఒక అడుగు లోతున చిన్న గొయ్యి తీసి, రాత్రంతా నీళ్లతో నాననివ్వండి. తెల్లారి మళ్లీ నీళ్లు పోసి, మట్టం అంగుళం దిగడానికి ఎంతసేపు పట్టిందో చూడండి. అరగంట లోపు దిగితే ఇంకుడు గుంత పనిచేస్తుంది. దాటితే ఆ ఇంటికి గుంత వద్దు, నీళ్లు కాల్వలోకే రానివ్వండి. నల్లరేగడిలో గుంతలు తవ్వించి ఫొటోలు దిగిన ఊళ్లు చాలా ఉన్నాయి. మొదటి వానాకాలానికే అవి నిండి వాకిట్లోకి పొంగుతాయి, అప్పుడు జనం గుంత అనే మాటే విననంటారు.

గుంతకు ముందు ఒక చిన్న తొట్టి తప్పనిసరి. అన్నం మెతుకులు, వెంట్రుకలు, సబ్బు నురగ అందులో ఆగాలి. చిల్లుల కుండలో కొబ్బరి పీచు వేసి ఆ తొట్టిలో పెడితే సరిపోతుంది. పీచు నెలకోసారి మార్చాలి. ఐదుగురున్న ఇంటికి మీటరు గుంత చాలదు. మీటరున్నర వెడల్పు, మీటరున్నర లోతు తీయండి, లేకపోతే రెండు గుంతలు తీసి మార్చి మార్చి వాడండి. కింద పెద్ద రాళ్లు, పైకి వచ్చేకొద్దీ చిన్న కంకర. తాగునీటి బావికీ బోరుకూ కనీసం పది మీటర్ల దూరం పాటించాలి.

మరుగుదొడ్డి సంగతి వేరు. సెప్టిక్ ట్యాంకు పైపును సైడు కాల్వలోకి వదిలిన ఇళ్లు ఊరికి ఎన్ని ఉన్నాయో ముందు లెక్క తీయండి. కలరా, టైఫాయిడ్, కామెర్లు, నులిపురుగులు వచ్చే దారి అదే. ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు తనదైన ఇంకుడు గుంతలోకి పోవాలి. కొత్తగా కట్టేవాళ్లకు మాత్రం రెండు గుంతల మరుగుదొడ్డే మంచిది. ఒక గుంత నిండితే దాన్ని మూసి, రెండో దానిలోకి మళ్లిస్తారు. మూసిన గుంతలోది రెండేళ్లకు వాసన లేని పొడి ఎరువు అవుతుంది. 2017 ఫిబ్రవరిలో కేంద్ర తాగునీరు, పారిశుధ్య శాఖ కార్యదర్శిగా ఉన్న పరమేశ్వరన్ అయ్యర్ మా గంగదేవిపల్లికి వచ్చి, అలా మగ్గిన గుంతలో ఎరువును స్వయంగా తోడి చూపించారు. ఎవరైనా ముక్కు మూసుకుంటే ఈ సంగతి చెప్పండి.

మూడు కుంటలు ఎందుకు, ఎంత

ఇంకగా మిగిలిన నీళ్లకు మూడు కుంటలు వరుసగా కావాలి. మొదటిది లోతుగా ఉంటుంది. అక్కడ మడ్డి అడుక్కు దిగుతుంది, గాలి అక్కర్లేని సూక్ష్మజీవులు దాన్ని కుళ్లబెడతాయి. రెండోది లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ. ఎండకు అక్కడ పచ్చ నాచు పెరుగుతుంది. నాచు పగలంతా ప్రాణవాయువు వదులుతుంది, దాంతో వేరే రకం సూక్ష్మజీవులు మిగిలిన మురికిని తింటాయి. ఎస్టీపీలో బ్లోయర్ కరెంటు తిని చేసే పనిని ఇక్కడ నాచు ఎండతో చేస్తుంది. మూడోది ఇంకా పలుచన. ఎండ అడుగు దాకా తగిలి, మధ్యాహ్నానికి నీళ్లలో క్షారం పెరిగి, రోగక్రిములు చస్తాయి. నీళ్లు నిలకడగా ఉన్నన్ని రోజులు పురుగుల గుడ్లు అడుక్కు దిగిపోతాయి.

లెక్క ఎలా వేస్తానో ఒక ఊరితో చెబుతాను. జనాభా 2,400. కొలిచి చూస్తే మనిషికి 80 లీటర్ల వాడకం, అందులో ముప్పావు వంతు, అంటే 60 లీటర్లు మురుగు. ఊరంతా కలిపి 1,44,000 లీటర్లు. సగం ఇళ్లకు ఇంకుడు గుంతలు పనిచేస్తే కుంటలకు చేరేది 72,000 లీటర్లు, అంటే 72 ఘనపు మీటర్లు. మురుగు బలాన్ని బీఓడీ అనే అంకెతో చెబుతారు. నీటిలో కుళ్లే సరుకును సూక్ష్మజీవులు తినడానికి ఎంత ప్రాణవాయువు కావాలో అది చెబుతుంది. లీటరుకు 250 మిల్లీగ్రాములు అనుకుంటే రోజుకు 18 కిలోలు.

మన వేడికి మొదటి కుంట ఒక్కో ఘనపు మీటరుకు రోజుకు 300 గ్రాములు మోయగలదు. ఆ లెక్కన 60 ఘనపు మీటర్లు చాలు కానీ నీళ్లు కనీసం ఒక రోజు నిలవాలి. పండగలకు, మడ్డి చోటుకు కలిపి నేను రెండు రోజులు పెడతాను. 150 ఘనపు మీటర్లు, లోతు రెండున్నర మీటర్లు. ఇక్కడే అరవై శాతం మురికి పోతుంది, ఏడు కిలోల చిల్లర మిగులుతుంది. రెండో కుంటను చలికాలానికి లెక్క కట్టాలి, ఎందుకంటే డిసెంబరు, జనవరిలో నాచు మందగిస్తుంది. ఆ నెలల సగటు వేడికి హెక్టారుకు రోజుకు 280 కిలోలు దాటకూడదు. అంటే 260 చదరపు మీటర్లు, లోతు మీటరున్నర. మూడో దానిలో నీళ్లు మూడు రోజులు నిలవాలి: లోతు మీటరు, వైశాల్యం 220 చదరపు మీటర్లు.

నీళ్లు పరుచుకునేది 600 చదరపు మీటర్ల లోపే. కానీ వాలు గట్లు, కట్ట మీద ట్రాక్టరు పోయే దారి, ఇంకా మొదటి కుంటకు జతగా పక్కనే ఇంకొకటి కలిపితే 20 గుంటల నేల, అంటే అర ఎకరం అవుతుంది. ఆ జత కుంట దగ్గర పొదుపు చేయకండి. ఒకటి ఎండబెట్టి మడ్డి తీస్తున్నప్పుడు రెండోది నడవాలి.

చోటు

ఇరవై గుంటలు దొరకడం కష్టమే. దొరకక చెరువు శిఖంలో (నీళ్లు తగ్గితే తేలే చెరువు నేలలో) కొలిచి ఇస్తామంటారు. వద్దు. చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు చేరే హద్దు) లోపల కట్టితే వానాకాలం కట్ట మునిగి, మురుగంతా చెరువులో కలుస్తుంది, పైగా అది వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టానికి అడ్డం వస్తుంది. ఇళ్లకు కనీసం 200 మీటర్ల దూరం చూడండి. మన వైపు వానాకాలమంతా గాలి ఎక్కువగా పడమర, నైరుతి నుంచి వీస్తుంది కాబట్టి ఆ దిక్కున ఇళ్ల పక్కన పెట్టొద్దు.

ఇంకో మాట స్పష్టంగా చెప్పాలి. గ్రామసభలో "కాలనీ వెనక ఖాళీ జాగా ఉంది కదా" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఊరందరి మురుగు ఇన్నేళ్లూ వాళ్ల గడప దగ్గరే ఆగింది. శుద్ధి పేరుతో దాన్ని అక్కడే శాశ్వతం చేయడానికి నేను ఎస్టిమేట్ మీద సంతకం పెట్టను. పల్లం అటే ఉంటే కాలనీ దాటించి మూతల కాల్వలో ఇంకా ముందుకు తీసుకుపోవాలి. ఆ పైపు ఖర్చు ఎస్టిమేట్‌లో మొదటి వరుసలో ఉండాలి. గ్రామసభ తీర్మానంలో కాలనీవాళ్ల మాట విడిగా రాయించండి.

కట్టేటప్పుడు చూసుకోవాల్సినవి

మన సైడు కాల్వల్లో వాన నీళ్లూ మురుగూ కలిసే వస్తాయి. ఒక్క పెద్ద వాన కుంటల్లోకి దూరితే నాచు, మడ్డి అన్నీ కొట్టుకుపోతాయి. కాబట్టి కుంటలకు ముందు కాల్వ పక్క గోడలో చిన్న అలుగు కట్టండి. మామూలు మురుగు కంటే మట్టం పెరగగానే మిగతాది వాగు వైపు పొర్లిపోవాలి. ఆ తర్వాత జాలీ: 12 ఎం.ఎం. చువ్వలు, మధ్య సందు అంగుళం, ఏటవాలుగా, పళ్ల పారతో పైకి గీకడానికి వీలుగా ఉండాలి. దాని వెనక ఇసుక దిగే తొట్టి. ఈ రెండూ లేకపోతే పాల ప్యాకెట్లు, గుట్కా కవర్లు మొదటి కుంట మీద తెట్టుగా తేలతాయి.

నల్లరేగడి, బంక నేల అయితే తడిపి రోలర్ తిప్పితే నీళ్లు నిలుస్తాయి. మొరం నేల అయితే అడుగు మందం బంకమట్టి పరిచి గట్టిపరచాలి, లేదా ప్లాస్టిక్ షీట్ వేయాలి, లేకపోతే మురుగు పక్క బోర్లలోకి దిగుతుంది. రేగడి కుంటను ఎండాకాలం ఊరికే ఖాళీగా వదలొద్దు, అడుగు నెర్రెలిచ్చి తర్వాత నీళ్లు జారిపోతాయి. లోపలి గట్టు వాలు ఒకటికి రెండు, అంటే మీటరు ఎత్తుకు రెండు మీటర్ల వెడల్పు. నీటి మట్టం పైన అర మీటరు కట్ట మిగలాలి. నీళ్లు తాకే అంచు వెంట రాతి రివిట్‌మెంటు (రాళ్ల పరుపు) చేయించండి, అక్కడ గడ్డి మొలవకుండా ఉంటే దోమ నిలవదు. ఒక కుంట నుంచి ఇంకో కుంటకు ఆరు అంగుళాల పైపు వేసి, దాని మొదట్లో టీ (T ఆకారపు పైపు ముక్క) బిగించి, నోరు నీటి మట్టానికి అడుగు కిందకు ఉంచాలి. పైన తేలే తెట్టు, నాచు ముందుకు పోకుండా ఉంటాయి. లోపలికి వచ్చే మూల, బయటికి పోయే మూల ఎదురెదురుగా దూరంగా ఉండాలి. చుట్టూ కంచె, తాళం. రెండున్నర మీటర్ల లోతు, పిల్లలున్న ఊరు.

డబ్బు సంగతికి వస్తే, 2020లో మొదలైన స్వచ్ఛభారత్ గ్రామీణ్ రెండో దశ మార్గదర్శకాల్లో ఐదు వేల లోపు ఊరికి వాడిన నీళ్ల పనులకు మనిషికి 280 రూపాయల దాకా ఉంది. మన లెక్క ఊరికి 6,72,000. అందులో 70 శాతం స్వచ్ఛభారత్ నుంచి, 30 శాతం ఆర్థిక సంఘం నిధుల నుంచి పెట్టుకోవాలి. ఇంకుడు గుంతలు, మట్టి పని ఉపాధి హామీలో పెడితే ఈ డబ్బు జాలీకి, పైపులకు, కంచెకు మిగులుతుంది.

నడిపించడం

రోజుకు గంట పని. పొద్దున్నే జాలీ గీకాలి, తెట్టు తీయాలి, అంచు గడ్డి పీకాలి. దీనికి ఒక మనిషిని పేరు పెట్టి నియమించి, బూట్లు, గ్లోవ్స్, పొడవాటి పార ఇవ్వాలి. జీతం నెలనెలా పడాలి. అందరు సఫాయి కార్మికులూ చూసుకుంటారులే అంటే ఎవరూ చూసుకోరు.

కుంట రంగు చూస్తే దాని ఆరోగ్యం తెలుస్తుంది. రెండో కుంట ఆకుపచ్చగా ఉంటే బాగుంది. బూడిద రంగుకు తిరిగితే నాచు చనిపోతోంది. గులాబీ, ఊదా రంగు వచ్చిందంటే మోయగలిగిన దానికంటే ఎక్కువ మురికి వస్తోందని అర్థం. అప్పుడు మొదటి కుంటలో మడ్డి నిండిందేమో, ఎవరైనా పశువుల పేడ నీళ్లో సెప్టిక్ ట్యాంకరో వదులుతున్నారేమో చూడండి. గుర్రపు డెక్క ఒక్క మొక్క కనబడ్డా అదే రోజు తీసేయండి. అది పరుచుకుంటే ఎండ దిగదు, నాచు చస్తుంది. దోమల కోసం మూడో కుంటలో గాంబూషియా చేపలు వేయవచ్చు. ఊరి చెరువులో మాత్రం వేయొద్దు, అవి మన చిన్న చేపల గుడ్లను తింటాయి.

బయటికి వచ్చే నీటిని ఏడాదికి రెండుసార్లు, చలికాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి ల్యాబుకు పంపండి. వాగులోకి వదలాలంటే బీఓడీ లీటరుకు 30 మిల్లీగ్రాములు దాటకూడదు. పొలానికి పారించడానికైతే 100 దాకా ఫర్వాలేదు. నాచు కూడా బీఓడీలో కలిసి అంకె పెద్దగా కనిపిస్తుంది కాబట్టి వడగట్టిన నమూనా, వడగట్టనిది రెండూ పరీక్షించమని అడగండి. నేనైతే వాగుకు వదలకుండా పశుగ్రాసానికే పెట్టమంటాను. హైదరాబాద్ దిగువన మూసీ వెంట పారాగడ్డి ఇలా మురుగు నీళ్ల మీదే పెరుగుతోంది, అయితే అక్కడ నీళ్లకు శుద్ధి సరిగ్గా లేదు. మీ దగ్గర సూపర్ నేపియర్, వెదురు, టేకు పెట్టండి. పచ్చిగా తినే కొత్తిమీర, క్యారెట్, ఉల్లి మడులకు ఈ నీళ్లు పెట్టొద్దు. గడ్డి వేలం డబ్బును కుంట మనిషి జీతానికే కట్టేలా తీర్మానంలో రాసుకోండి.

మడ్డి ఎంత పేరుకుందో ఏటా జనవరిలో కొలవాలి. పొడవాటి కర్రకు తెల్ల తువాలు చుట్టి, గట్టు మీద నిలబడే మొదటి కుంటలో నిదానంగా అడుగు దాకా దింపి, కాసేపు ఉంచి తీయండి. మడ్డి ఉన్నంత మేర తువాలు నల్లగా అంటుకుని వస్తుంది. నల్ల భాగం లోతులో మూడో వంతుకు చేరితే తీయాల్సిన సమయం వచ్చినట్టే. మామూలుగా రెండు, మూడేళ్లకోసారి వస్తుంది.

ఆ మడ్డి కోసం మనిషిని కుంటలోకి గానీ, సెప్టిక్ ట్యాంకులోకి గానీ దింపకండి. కుళ్లిన గుడ్ల వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కు ఆ వాసన పట్టడం మానేస్తుంది. వాసన లేదు కదా అని దిగినవాళ్లు, వాళ్లను లాగడానికి దిగినవాళ్లు చనిపోయారు. 2013 చట్టం ప్రకారం రక్షణ లేకుండా సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపి శుభ్రం చేయించడం నేరం. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు మురుగు పనిలో చనిపోయినవారి కుటుంబానికి పరిహారం 30 లక్షలకు పెంచింది. సెప్టిక్ ట్యాంకు నిండితే మిషన్‌తో పీల్చే ట్యాంకరును పిలిచి, సరుకు శుద్ధి కేంద్రానికి చేరిందని రసీదు తీసుకోండి. వరంగల్ నగరం ఈ మలవ్యర్థాలకు 2016లోనే నిబంధనలు పెట్టుకుంది. మీ మండలానికి దగ్గరి కేంద్రం ఏదో ఎంపీడీఓ ఆఫీసులో అడిగి, ట్యాంకర్ల నంబర్లతో పాటు పంచాయతీ గోడ మీద రాయించండి.

కుంట మడ్డికి ఎండే మన యంత్రం. ఫిబ్రవరిలో మురుగును జత కుంటలోకి మళ్లించి, పైనీళ్లను పంపుతో రెండో కుంటలోకి కొద్దికొద్దిగా తోడి, మే నెల దాకా ఎండనివ్వండి. పొడి గడ్డలుగా విరిగాక గట్టు మీది నుంచి జేసీబీతో తీసి కుప్ప పోసి, కవర్లు ఏరి, మరో ఏడాది మగ్గనిచ్చి పత్తి, మొక్కజొన్న చేలకు తోలండి. తీసిన కుంట అడుగును వానలకు ముందే తడిపి రోలర్ తిప్పి, మళ్లీ నీళ్లు వదలండి.